యాకగేనీ లోయలో సైకిళ్ళ మీద ఒక రోజు

(కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా తూర్పు రాష్ట్రాల్లో ఉండే తెలుగువాళ్ళలో పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడి చూడనివాళ్ళు తక్కువ. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే పిట్స్‌బర్గ్ గుడి, నయాగరా, న్యూయార్కు, వాషింగ్టన్ డీసీ. ఇదీ మనవాళ్ళ మామూలు కార్యక్రమం. పెన్ హిల్స్‌లో 1970లలో కట్టిన ఆ గుడిలో దర్శనం చేసుకుని, పులిహోర తిని, మళ్ళీ టర్న్‌పైక్ ఎక్కి ఇంటిదారి పడతాం. ఆ గుడికి ఆగ్నేయంగా గంటన్నర, రెండు గంటల కారు ప్రయాణంలో ఒక నదీ లోయ ఉంది. ఆ లోయలో కార్లు రాని బాట ఒకటి ఉంది. తాతగారి నుంచి మనవరాలి దాకా ఇంటిల్లిపాదీ దాని మీద సైకిళ్ళు తొక్కుకుంటూ ఒక రోజంతా గడపవచ్చు. ఇవాళ ఆ రోజు ఎలా గడుస్తుందో, దారిలో ఏమేం కనిపిస్తాయో, అక్కడికి గైడ్‌ను వెంటబెట్టుకుని ఎందుకు వెళ్ళాలో చెబుతాను.

ఆ బాట పేరు గ్రేట్ అలెగేనీ పాసేజ్. పిట్స్‌బర్గ్ నుంచి మేరీలాండ్‌లోని కంబర్లాండ్ దాకా 150 మైళ్ళు. కంబర్లాండ్‌లో అది ఒక పాత కాలువ గట్టు మీది బాటను కలుసుకుంటుంది. ఆ గట్టు బాట ఇంకో 184 మైళ్ళ పైచిలుకు సాగి వాషింగ్టన్ డీసీ చేరుతుంది. రెండూ కలిపి వారం పది రోజుల్లో తొక్కేవాళ్ళు ఉన్నారు. మనకు అంత సాహసం అక్కర్లేదు. కన్‌ఫ్లుయెన్స్ అనే ఊరి నుంచి ఒహాయోపైల్ మీదుగా కానెల్స్‌విల్ దాకా ఉన్న 27 మైళ్ళ ముక్క ఒక రోజుకి సరిగ్గా సరిపోతుంది. పిల్లలు మరీ చిన్నవాళ్ళయితే అందులో మొదటి పది పదకొండు మైళ్ళతో ఆపేయవచ్చు.

ఇక నది పేరు. ఇంగ్లీషు స్పెల్లింగులో పన్నెండు అక్షరాలు. పలికేటప్పుడు మాత్రం యాకగేనీ. ఆ ఊళ్ళవాళ్ళు ఇంకా పొట్టిచేసి యాక్ అనేస్తారు. స్థానిక ఇండియన్ల భాషలో ఆ మాటకి ఎదురు దిక్కున పారే నీరు అని అర్థం చెబుతారు. ఇది దక్షిణం నుంచి ఉత్తరానికి పారే నది. మన పెద్దవాళ్ళకి ఉత్తరవాహిని అని చెప్పి చూడండి, వెంటనే చెయ్యి కడిగి నీళ్ళు నెత్తిన చల్లుకుంటారు. పిట్స్‌బర్గ్ దగ్గర మొనాంగహేలాలో కలిసి, ఆపైన ఒహాయో నది, మిస్సిసిపీ మీదుగా ఈ నీళ్ళు గల్ఫ్ ఆఫ్ మెక్సికో దాకా వెళతాయి.

కొండల్లో సైకిలు అనగానే మనలో చాలామందికి భయం వేస్తుంది. ఎత్తు ఎక్కలేం, ఆయాసం వస్తుంది, మోకాళ్ళు పట్టేస్తాయి. ఇక్కడ ఆ బాధ లేదు. కారణం ఏమిటంటే, ఇది నిజానికి రైలు బాట. ఇనప పట్టాల మీద ఇనప చక్రాలు తిరిగేటప్పుడు పట్టు తక్కువ. కాబట్టి రైలు నిటారుగా ఎక్కలేదు. విశాఖపట్నం నుంచి అరకు వెళ్ళే రైలు అన్ని వంపులు తిరిగి, అన్ని సొరంగాలు దూరి వెళ్ళేది అందుకే. నది కూడా అంతే, తనకి వీలైనంత వాలుగా ఉండే దారినే వెతుక్కుంటుంది. అందుకని రైలు కంపెనీలు కొండల్లోకి వెళ్ళాలంటే నదిని పట్టుకుని వెళ్ళేవి. యాకగేనీకి ఒక ఒడ్డున బాల్టిమోర్ అండ్ ఒహాయో రైలు, ఇంకో ఒడ్డున 1912 నుంచి వెస్టర్న్ మేరీలాండ్ రైలు నడిచేవి. ఆ రెండో లైను మీద పట్టాలు తీసేసి, సున్నపురాయి పొడి పరిస్తే మన బాట అయింది. నూరు అడుగులు ముందుకి వెళితే దిగేది అడుగులో సగం కూడా ఉండదు. కన్‌ఫ్లుయెన్స్ నుంచి బయల్దేరితే నీరు పారే దిక్కుకే వెళతాం, అంటే రోజంతా కంటికి తెలియనంత పల్లం.

పట్టాలు తీసేయడం అంత తేలికగా జరగలేదు. వెస్టర్న్ మేరీలాండ్ వాళ్ళు 1975లో ఈ లైను వదిలేశారు. అమెరికాలో అలా వదిలేసిన లైన్ల కింది భూమి చాలాచోట్ల పక్క పొలాలవాళ్ళకి తిరిగి వెళ్ళిపోతుంది. ఒకరు కంచె వేస్తారు, ఇంకొకరు దున్నుతారు, ఇంకొకరు ఇల్లు కడతారు. వంద మైళ్ళ దారి ముక్కలుముక్కలైపోతుంది. ఒకసారి అలా పోయిందంటే మళ్ళీ దాన్ని కూడగట్టడం ఎవరి తరమూ కాదు. ఈ లోయ అదృష్టం ఏమిటంటే, వెస్టర్న్ పెన్సిల్వేనియా కన్సర్వెన్సీ అనే సంస్థ 1978లో కన్‌ఫ్లుయెన్స్, కానెల్స్‌విల్ మధ్య ఉన్న ఈ 27 మైళ్ళనూ కొని అట్టే పెట్టింది. తరువాత అది ఒహాయోపైల్ స్టేట్ పార్కులో కలిసింది. 1986లో మొదటి తొమ్మిది మైళ్ళు సైకిళ్ళకి తెరిచారు. అక్కడినుంచి ఊరి తరువాత ఊరు, వంతెన తరువాత వంతెన కలుపుకుంటూ వెళ్ళి, పిట్స్‌బర్గ్ నడిబొడ్డు దాకా పూర్తయ్యేసరికి 2013 వచ్చింది. అంటే మొదటి ముక్కకీ చివరి ముక్కకీ మధ్య 27 ఏళ్ళు!

ఈలోగా దేశమంతటికీ ఒక చట్టం కూడా వచ్చింది. వదిలేసిన లైనును ముక్కలు కానివ్వకుండా, మళ్ళీ ఎప్పుడైనా రైలుకి కావాలంటే పనికొస్తుందని అట్టే పెట్టి, అందాకా సైకిళ్ళకీ నడకకీ వాడుకోవచ్చని 1983లో కాంగ్రెస్ ఒక సవరణ చేసింది. బ్యాంకులో డబ్బు దాచినట్టు దారిని దాచడం కాబట్టి దీన్ని రైల్‌బ్యాంకింగ్ అంటారు. మా భూమి మాకివ్వకుండా ఇదేమి న్యాయం అని వెర్మాంట్‌లో ఒక కుటుంబం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1990లో కోర్టు ఆ చట్టం చెల్లుతుందనే చెప్పింది. అయితే భూమి హక్కు ఉన్నవాళ్ళు ప్రభుత్వాన్ని నష్టపరిహారం అడగవచ్చని కూడా చెప్పింది. మన ఇళ్ళ పక్కన కనిపించే రైలు బాటలు చాలా ఈ చట్టం పుణ్యమే.

సరే, బాట చదునుగా ఉంది, దారి తప్పే వీలు లేదు, ప్రవేశ రుసుము లేదు. మరి గైడ్ ఎందుకు? దండగ కాదా? మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఇదే. రెండు కారణాలు చెబుతాను. మొదటిది వీలు. గైడ్‌తో వెళితే ఒక వ్యాను వెంట ఉంటుంది. మీ కారు ఒక చోట పెడితే మిమ్మల్ని పైనున్న ఊళ్ళో దింపుతారు. వెనక్కి తొక్కే పని లేదు. గైడ్ ముందుంటాడు, మనిషుంటే ఇంకొకరు అందరికంటే వెనక వస్తారు. పంక్చరు పడితే వాళ్ళే చూసుకుంటారు. అలిసిపోయిన నాయనమ్మ ఒహాయోపైల్ దగ్గర దిగి వ్యాను ఎక్కేయవచ్చు, మిగతావాళ్ళ ప్రయాణం ఆగదు. రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. ఈ లోయలో చూడ్డానికి చెట్లు, నీళ్ళు తప్ప ఏమీ కనిపించవు. ఇది ఒకప్పుడు పొగతో, నిప్పుతో, వేలమంది వలసకూలీలతో నిండిన చోటని చెప్పేవాళ్ళు లేకపోతే తెలియదు. చెట్ల వెనక ఏముందో చూపించడానికి గైడ్ కావాలి.

ఇక ఆ రోజు గురించి. ఉదయం ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య కలుసుకోమంటారు. ముందు సైకిలు సరిచేయడం. సీటు మీద కూర్చుని పెడలు కిందికి నొక్కినప్పుడు మోకాలు కొంచెమే వంగి ఉండాలి. మన ఊళ్ళలో సీటు అందక, కడ్డీ కిందనుంచి కాలు దూర్చి అడ్డంగా తొక్కి నేర్చుకున్న తరం ఇది. సీటు ఎంత ఎత్తు ఉండాలన్నది మనకి ఎవరూ చెప్పలేదు. ఎత్తు సరిగ్గా లేకపోతే 27 మైళ్ళకి మోకాళ్ళు చెప్పేస్తాయి.

ఇక్కడ అమ్మానాన్నలకి తప్పకుండా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఇండియా సైకిళ్ళకి మామూలుగా కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది. అమెరికా సైకిళ్ళకి కుడిచేతి బ్రేకు వెనక చక్రానిది, ఎడమచేతిది ముందు చక్రానిది. నలభై ఏళ్ళు ఒక అలవాటున్న చెయ్యి కంగారులో అదే పని చేస్తుంది. ఎడమచేతి బ్రేకు ఒక్కసారి గట్టిగా పడితే మనిషి హ్యాండిల్ మీంచి ముందుకు పడతాడు. అందుకని బయల్దేరే ముందు పార్కింగ్ లాటులో పది నిమిషాలు రెండు బ్రేకులూ మెల్లగా, కలిపి పట్టడం సాధన చేయించండి. గైడ్‌కి కూడా ఈ తేడా సంగతి చెప్పండి. చాలామంది గైడ్లకి ఇది తట్టదు.

బయల్దేరే ఊరు కన్‌ఫ్లుయెన్స్. మాటకి అర్థం సంగమం. ఇక్కడ క్యాసెల్‌మన్ నది, లారెల్ హిల్ క్రీక్ వచ్చి యాకగేనీలో కలుస్తాయి. పైనుంచి చూస్తే ఈ మూడూ టర్కీ కోడి కాలివేళ్ళలా ఉంటాయని పూర్వం ఈ చోటుని టర్కీఫుట్ అనేవారు. ఏడు వందల చిల్లర జనాభా ఉన్న పల్లెటూరు. ఊరికి కాస్త ఎగువన నది మీద పెద్ద మట్టి ఆనకట్ట. 1936 మార్చిలో పిట్స్‌బర్గ్ వరదల్లో మునిగిపోయిన తరువాత, వరద ఆపడానికి 1940లలో దీన్ని కట్టారు. నగరాన్ని కాపాడడానికి పల్లె మునిగింది. ఆనకట్ట వెనక సోమర్‌ఫీల్డ్ అనే ఊరు, ఆ ఊరి దగ్గర 1818లో కట్టిన మూడు కమానుల రాతివంతెన నీళ్ళ కిందికి పోయాయి. వర్షాలు లేక జలాశయం బాగా తగ్గిన ఏడు ఆ వంతెన బయటపడుతుంది, చుట్టుపక్కల జనమంతా చూడ్డానికి వస్తారు. శ్రీశైలం నీళ్ళు తగ్గినప్పుడు బయటపడే సంగమేశ్వరం గుడి ఎరిగిన రాయలసీమవాళ్ళకి, పాలమూరువాళ్ళకి దీని గురించి వేరే వివరించనక్కర్లేదు.

కన్‌ఫ్లుయెన్స్ దాటాక ఇళ్ళు అయిపోతాయి, అడవి మొదలవుతుంది. ఒక పక్క కొండ, ఒక పక్క నది. పాపికొండల మధ్య లాంచీలో వెళ్ళినవాళ్ళకి ఆ వరస గుర్తుకొస్తుంది. గోదావరి అంత వెడల్పు కాదులెండి, ఇది మన ఏరులాంటి నది. అక్కడక్కడా కొండ మీంచి సన్నటి ధారలు దిగి బాట కింది తూముల్లోంచి నదిలో పడుతుంటాయి. జూన్ చివర, జూలై మొదట్లో రోడోడెండ్రాన్ పొదలు తెల్లగా, లేత గులాబీరంగుగా పూస్తాయి. అక్టోబరు మధ్యలో కొండలన్నీ ఎర్రబడతాయి. అవతలి ఒడ్డున మాత్రం పాత బాల్టిమోర్ అండ్ ఒహాయో లైను మీద ఇప్పటికీ సరుకుల రైళ్ళు నడుస్తున్నాయి. పిల్లలు సైకిళ్ళు ఆపి పెట్టెలు లెక్కపెడతారు. నూరు దాటాక లెక్క మరిచిపోతారు.

ఈ ముక్కలోనే గైడ్లు ఒక కథ చెబుతారు. 1754 మే నెలలో ఇరవైరెండేళ్ళ కుర్రాడొకడు పడవలో ఈ నది మీద దిగువకి బయల్దేరాడు. ఇప్పటి పిట్స్‌బర్గ్ ఉన్న చోట ఫ్రెంచివాళ్ళు కోట కట్టుకుంటున్నారు. అక్కడికి బ్రిటిషు సేనని నీటిదారిన చేర్చగలమా అని చూడ్డం అతని పని. ఒహాయోపైల్ దగ్గర జలపాతం అడ్డం వచ్చింది. ఈ నది మీద పడవలు సాగవని తేల్చుకుని వెనక్కి తిరిగాడు. ఆ జూలై మూడో తారీఖున ఇక్కడికి దగ్గర్లోని ఫోర్ట్ నెసెసిటీ దగ్గర ఫ్రెంచివాళ్ళకి లొంగిపోయాడు కూడా. ఆ కుర్రాడి పేరు జార్జి వాషింగ్టన్. డాలరు నోటు మీద బొమ్మ చూసే పిల్లలకి, ఆయన ఆగిపోయిన జలపాతం దగ్గర కూర్చుని అన్నం తింటున్నామని చెబితే చరిత్ర పాఠం వేరే చెప్పక్కర్లేదు.

ఆ జలపాతం ఎత్తు ఇరవై అడుగులకి అటూ ఇటూ, కాని నది వెడల్పంతా ఒక్కసారి దూకుతుంది. ఒహాయోపైల్ అన్న మాటకే నీరు తెల్లగా నురగలయ్యే చోటు అని అర్థం చెబుతారు. ఊళ్ళో కాపురం ఉండేవాళ్ళు వందమంది కూడా లేరు, వేసవి శనాదివారాల్లో మాత్రం ఇసక వేస్తే రాలదు. భోజనం ఇక్కడే. కాఫీ, ఐస్‌క్రీము, శాండ్‌విచ్చి దొరుకుతాయి. శాకాహారులకి ఎంపిక తక్కువ. అందుకని ముందు రోజు గుడి నుంచి తెచ్చుకున్న పులిహోర, ఇంట్లో కలుపుకున్న పెరుగన్నం వ్యానులో ఐసు పెట్టెలో పెట్టించండి. గైడ్‌కి కూడా కాస్త పెట్టండి, మళ్ళీసారి వస్తే మిమ్మల్ని మరిచిపోడు. సైకిలు ఇక చాలు అనుకున్నవాళ్ళు ఇక్కడ ఆగిపోవచ్చు. నాలుగు మైళ్ళ దూరంలో ఫాలింగ్‌వాటర్ ఉంది. ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1935లో సెలయేటి మీద కట్టడానికి గీసిన ఇల్లు అది. 2019లో యునెస్కో జాబితాకెక్కింది. టిక్కెట్లు ముందుగానే కొనుక్కోవాలి.

ఒహాయోపైల్ నుంచి కానెల్స్‌విల్ దాకా 17 మైళ్ళు. ఇక్కడ నది ఒక పెద్ద మెలిక తిరుగుతుంది. రైలు మాత్రం అన్ని తిప్పలు పడకుండా రెండు వంతెనలు వేసుకుని అడ్డంగా కోసుకుపోయింది. రెండో వంతెన చాలా ఎత్తు. దాని మీద నిలబడి కిందికి చూస్తే రాళ్ళ మధ్య రబ్బరు తెప్పల్లో ఎగిరిపడుతూ వెళ్ళేవాళ్ళు కనిపిస్తారు. ఈ నది మీద ఆ తెప్పల వ్యాపారం 1960లలోనే మొదలయింది. వంతెనలు దాటాక అడవి ఇంకా చిక్కనవుతుంది. దారిలో కొట్లు లేవు, తాగే నీళ్ళ కుళాయిలు లేవు, చాలాచోట్ల ఫోను సిగ్నలు రాదు. మనిషికి రెండు సీసాల నీళ్ళయినా ఒహాయోపైల్‌లో నింపుకునే బయల్దేరాలి.

సాయంత్రానికి కానెల్స్‌విల్. మామూలు చిన్న పట్నంలా ఉంటుంది. కాని నూరేళ్ళ కిందట ఈ ఊరి పేరు చెప్పకుండా అమెరికా ఉక్కు గురించి మాట్లాడేవాళ్ళు కాదు. ఇక్కడి నేలలో దొరికే రాక్షసి బొగ్గు కోక్ చేయడానికి ప్రసిద్ధి. తాగే కోక్ కాదండీ! గాలి సరిగా తగలకుండా బొగ్గుని కాలిస్తే అందులోని గ్యాసు, తారు పోయి, గట్టిగా, తేలిగ్గా ఉండే కోక్ మిగులుతుంది. ఇనప రాయిని కరిగించి ఇనుము తీయడానికి కొలుముల్లో వేసేది దాన్నే. తేనెపట్టు ఆకారంలో ఇటుకలతో కట్టిన బట్టీలు ఈ చుట్టుపక్కల వేల సంఖ్యలో రాత్రీ పగలూ మండేవి. ఆ కోక్ పిట్స్‌బర్గ్ వెళ్ళి ఉక్కయ్యేది. ఆ ఉక్కు వంతెనలు, పట్టాలు, ఆకాశహర్మ్యాలు అయ్యేది. తరువాత బొగ్గు తరిగింది, కొత్తరకం బట్టీలు వేరేచోట్ల వచ్చాయి. 1920లో ఈ ఊరి జనాభా సుమారు 13,800. 2020 నాటికి 7,000. గనుల ఊళ్ళు ఎలా పెరిగి ఎలా తగ్గుతాయో ఇల్లందు, కొత్తగూడెం వైపు వాళ్ళకి బాగా తెలుసు.

మీకు రెండో రోజు కూడా వీలుంటే కానెల్స్‌విల్ నుంచి దిగువకి, వెస్ట్ న్యూటన్ దాకా ఇంకో పాతిక మైళ్ళు వెళ్ళండి. ఊరు దాటిన కొద్దిసేపటికే అడెలైడ్ దగ్గర బాట పక్కనే ఆ పాత బట్టీలు చెట్లవేళ్ళలో చిక్కుకుని కనిపిస్తాయి. ఇంకా దిగువన కొన్నిచోట్ల కొండ మీంచి కారే నీళ్ళు కింది రాళ్ళని నారింజరంగుగా మార్చేసి ఉంటాయి. వదిలేసిన గనుల్లో గంధకం ఉన్న రాతికి గాలి, నీరు తగిలి ఆమ్లం పుడుతుంది, ఇనుము తుప్పుగా బయటికొస్తుంది. గని మూసేసినా ఆ నీళ్ళు ఆగవు. లాభం తీసుకున్నవాళ్ళు వెళ్ళిపోయారు, కడిగే పని మాత్రం ఇప్పటివాళ్ళ మీద పడింది.

అదే దారిలో, నది ఒడ్డున వాన్ మీటర్ అనే పల్లె వస్తుంది. గైడ్ అక్కడ సైకిళ్ళు ఆపమంటాడు. 1907 డిసెంబరు 19న అక్కడి డార్ గనిలో పేలుడు జరిగి 239 మంది చనిపోయారు. పెన్సిల్వేనియా గనుల చరిత్రలో అంతకంటే ఘోరం లేదు. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది మధ్య ఐరోపా నుంచి వలస వచ్చినవాళ్ళు, చిన్నపిల్లలు కూడా ఉన్నారు. ఆ రోజున ఇంకో సంగతి జరిగింది. కార్పాతియన్ కొండల నుంచి వచ్చిన రుసిన్ జాతివాళ్ళకి, వాళ్ళ పాత పంచాంగం ప్రకారం అది సెయింట్ నికొలస్ పండగ. చాలామంది పని మానేసి, కూలి పోయినా సరేనని చర్చికి వెళ్ళారు. వాళ్ళు బతికిపోయారు. చనిపోయినవాళ్ళలో 71 మందిని దగ్గర్లోని ఆలివ్ బ్రాంచ్ శ్మశానంలో పూడ్చారు. వాళ్ళలో 49 మంది ఎవరో గుర్తు పట్టనేలేకపోయారు. ఆ నెల ఆరో తారీఖునే వెస్ట్ వర్జీనియాలోని మొనాంగా గనిలో 362 మంది పోయారు. ఇవన్నీ చూశాకే 1910లో ఫెడరల్ ప్రభుత్వం గనుల భద్రత కోసం బ్యూరో ఆఫ్ మైన్స్ ఏర్పాటు చేసింది.

ఇది పిల్లలకి చెప్పాలా, విహారానికి వెళ్ళి ఈ విషాదం ఎందుకు అని కొందరు అడుగుతారు. చెప్పాలనే నా అభిప్రాయం. మన పిల్లలు ఇక్కడ పుట్టారు, ఇక్కడి చరిత్ర బడిలో చదువుతారు. ఆ పాఠాల్లో వలస వచ్చినవాళ్ళంటే ఒక దీవి, ఒక విగ్రహం, ఒక పడవ. ఊరూ పేరూ భాషా కొత్తయిన చోట, పండగకి సెలవు పెడితే ఉద్యోగం ఏమవుతుందో అనుకుంటూ బతకడం ఏమిటో వాన్ మీటర్ దగ్గర అర్థమవుతుంది. మనకి ఆ కష్టం లేదు, మనం ఏసీ గదుల్లో పనిచేస్తున్నాం. అయినా దసరాకి సెలవు అడగాలా వద్దా అని తటపటాయించని ఇల్లు మనలో ఏది? మనకంటే ముందు వచ్చినవాళ్ళు ఈ దేశాన్ని ఏ ఖరీదుకి కట్టారో తెలిసిన పిల్లలు, మన కంటే తరువాత వచ్చేవాళ్ళని చిన్నచూపు చూడరు.

గైడ్‌కి ఇచ్చే డబ్బు గురించి ఇంకో మాట. బొగ్గు పోయింది, రైలు పోయింది, ఈ ఊళ్ళకి మిగిలింది నది, ఈ బాట. రైలు స్టేషన్లు సమాచార కేంద్రాలయ్యాయి, పాత ఇళ్ళు అద్దె గదులయ్యాయి, మూతపడ్డ కొట్లలో సైకిలు షాపులు వచ్చాయి. ఇక్కడ పెరిగిన కుర్రాళ్ళు గైడ్లుగా, వ్యాను డ్రైవర్లుగా సొంత ఊళ్ళోనే ఉండగలుగుతున్నారు. పల్లె విడిచి వచ్చినవాళ్ళం మనం. ఊళ్ళో ఉపాధి ఉండడమంటే ఏమిటో మనకి తెలుసు.

ఇక బుక్ చేసే ముందు అడగవలసిన సంగతులు. ఎంతమందికి ఒక గైడ్? గైడ్‌కి ప్రథమ చికిత్స శిక్షణ ఉందా? వ్యాను ఎక్కడెక్కడ కలుస్తుంది? పిల్లల సైకిళ్ళు, వెనక తగిలించే బండి, ఇద్దరు తొక్కే సైకిలు ఉన్నాయా? వాన వస్తే డబ్బు తిరిగి ఇస్తారా, ఇంకో రోజుకి మారుస్తారా? బ్యాటరీ సైకిలు కావాలంటే, తొక్కితేనే సాయం చేసే రకం తీసుకోండి. అవి బరువెక్కువ, చాలా ఏళ్ళుగా తొక్కనివాళ్ళు ముందు ఖాళీ చోట అలవాటు చేసుకోవాలి. పెన్సిల్వేనియా చట్టం ప్రకారం పన్నెండేళ్ళ లోపు పిల్లలకి హెల్మెట్ తప్పనిసరి. మన ఇంట్లో మాత్రం తాతగారికి కూడా తప్పనిసరి అని పెట్టుకోండి. ఇండియా నుంచి వచ్చినవాళ్ళకి విజిటర్ ఇన్సూరెన్స్ ఉందో లేదో, అందులో సైకిలు ప్రమాదాలకి మినహాయింపు ఏమైనా ఉందో చదవండి. బీపీ, షుగరు మందులు వ్యానులో కాకుండా జేబులో ఉండాలి.

బట్టలు. చీర కుచ్చిళ్ళు, చున్నీ, వదులు పైజమా, ఇవన్నీ చైనులో పడతాయి. బిగుతుగా ఉండే ప్యాంటు, షూ వేసుకోవాలి. లేత రంగు బట్టలయితే మంచిది, ఎందుకంటే ఈ అడవుల్లో టిక్స్ అనే చిన్న పురుగులు ఉన్నాయి. మన ఊళ్ళో పశువులకి పట్టే గోమార్ల జాతివే. వీటి కాటు వల్ల లైమ్ జబ్బు వస్తుంది. గడ్డిలోకి దిగకండి, రాత్రి స్నానం చేసేటప్పుడు మోకాళ్ళ వెనక, చంకల్లో, జుట్టులో వెతుక్కోండి. మూడేసి ఆకులుండే తీగ ఏది కనిపించినా ముట్టుకోవద్దు. అది పాయిజన్ ఐవీ కావచ్చు, దురదగుంటాకుకి పెద్దన్న. బాట మీద కుడి పక్కనే వెళ్ళాలి. ఎవరినైనా దాటాలంటే బెల్లు కొట్టి, ఎడమ నుంచి వస్తున్నానని చెప్పి దాటాలి. కబుర్లు చెప్పుకుంటూ నలుగురు పక్కపక్కన వెళ్ళడం మనవాళ్ళకి ఇష్టం, అది ఇక్కడ పనికిరాదు. మే నుంచి అక్టోబరు దాకా అనువైన కాలం.

పిట్స్‌బర్గ్ అందరికీ దగ్గర కాదు. మిస్సోరీలో ఉన్నవాళ్ళకి మిస్సోరీ నది వెంట 240 మైళ్ళ కేటీ ట్రెయిల్ ఉంది. ఒహాయోలో సిన్సినాటి, డేటన్ వైపు వాళ్ళకి లిటిల్ మయామీ నది బాట, న్యూజెర్సీవాళ్ళకి డెలావేర్ అండ్ రారిటన్ కాలువ గట్టు, మిన్నెసోటాలో రూట్ రివర్ బాట ఉన్నాయి. విస్కాన్సిన్‌లో ఎల్రాయ్ నుంచి స్పార్టా దాకా మూడు సొరంగాలతో ఉన్న బాట 1960లనాటిది, ఇలాంటివాటిలో మొదటితరానిది. ప్రతిచోటా వరస ఒకటే. నది దారి చూపింది, రైలు దాన్ని వాడుకుంది, రైలు వెళ్ళిపోయాక ఊళ్ళవాళ్ళు నిలబెట్టుకున్నారు.

ఈసారి అమ్మానాన్నల టిక్కెట్లు కొనేటప్పుడు కార్యక్రమంలో ఒక రోజు దీనికి ఉంచండి. నయాగరా ఎదురుగా ఫోటో దిగి వచ్చేస్తాం. ఇక్కడ మాత్రం నాన్నగారు ముందు, మనవరాలు వెనక, మధ్యలో మీరు, రోజంతా ఒకే దారిలో ఒకే వేగంతో వెళతారు. సైకిలు ఎప్పుడు నేర్చుకున్నారో, ఎవరి సైకిలు అద్దెకి తెచ్చుకున్నారో, ఎక్కడ పడ్డారో నాన్నగారు చెప్పడం మొదలుపెడతారు. అందాకా మీకు కూడా చెప్పని కథలు వింటారు. గైడ్ చెప్పే కథలతో పాటు అవీ వినండి.